ఏలక్కి అనుకున్న అరటి

మదనపల్లెలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు పెరట్లోకి తోలించిన మట్టిలోంచి ఒక అరటి మొక్క తనంతట తానే లేచింది. అది ఏ రకమో ఎవరికీ తెలియలేదు. కాయలు చిన్నవిగా ఉండడం చూసి, బాగా తియ్యగా ఉండే ఏలక్కి అరటి అని నేనే తేల్చేశాను. అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాను.

తొలి గెల పండేసరికి మా అమ్మాయికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యపురాలు కుప్పం నుంచి మా ఇల్లు చూడడానికి వచ్చింది. ఇంట్లో ఎవరమూ రుచి చూడకుండా మొదటి పళ్లు ఆమెకే పెట్టాను.

"మా పెరట్లో కాసిన ఏలక్కి, తినండి వొదినా" అన్నాను గొప్పగా.

ఆమె కొరకగానే టక్కుమని చప్పుడైంది. బుగ్గ పట్టుకుని అరచేతిలోకి ఊసింది. మిరియాల్లాంటి నల్ల గింజలు, వాటితోపాటు విరిగిన పంటి ముక్క!

తప్పయిందని చెప్పాల్సిన నేను కంగారులో, "అరటిపండులో గింజలు యాడుంటాయి వొదినా? మీ పన్నే ముందునుంచి కదులుతాండాదేమో" అనేశాను.

మా అమ్మాయి ఇంకో పండు విరిచి నా ముందు పెట్టింది. నిండా గింజలే. అది అడవి అరటి.

నేను తల ఎత్తలేకపోయాను. వియ్యపురాలే నోరు పుక్కిలించి వచ్చి, "పన్ను పోతే పోనీలే వొదినా. ముందు ఆ గెల తీసి పారేయండి, పిల్లోళ్లు తింటారు" అంది.

పెళ్లి చక్కగా జరిగింది. ఆమె ఇప్పటికీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి దెప్పినా నా మనసు తేలికపడేది. ఆమె నవ్వినప్పుడు ఆ పంటి సందు కనబడితే, ఈనాటికీ నేనే చూపు తిప్పుకుంటాను.

– ఓ పాఠకురాలు, మదనపల్లె