పెదనాన్న పారబోసిన తెల్లమందు

మోకాళ్ళ నొప్పికి మాత్రలు రాసిన డాక్టరు మొన్న ఇంకో బిళ్ళ కూడా రాసి, ఇది పొద్దున్నే ఏమీ తినకముందు వేసుకుంటే కడుపులో యాసిడ్ తగ్గుతుంది, నొప్పిమాత్రల వల్ల పుండు పడకుండా కాపాడుతుంది అని చెబితే, సంతోషించాల్సింది పోయి, ఎప్పుడో చచ్చిన మా పెదనాన్న మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో మాది పుంగనూరు. మా నాయన బెల్లం బండి కుప్పం రైలుస్టేషనుకు తోలేవాడు గానీ, బండీ ఎడ్లూ ఇంటి పెత్తనమూ అన్నీ పెదనాన్నవే. నాయనకు నడుము పట్టేసినప్పుడల్లా ఆయన నొప్పిబిళ్ళలు తెచ్చి, పరగడుపునే మింగించి బండి కట్టించేవాడు. కొన్నాళ్ళకు నాయన సంగటి ముందు కూర్చుని, కడుపు పట్టుకుని ముడుచుకుపోసాగాడు. అమ్మ ఎవరినీ అడగకుండా నాయన్ను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కడుపులో పుండు పడిందని, ఆ బిళ్ళలు ముట్టవద్దని చెప్పి, సుద్దనీళ్ళలాంటి తెల్లమందు సీసా ఇచ్చింది. అది యాసిడ్‌ను విరిచేస్తే పుండు మానడానికి వీలవుతుందట. పదిరోజుల్లో నాయన కడుపునిండా తిని, నన్ను భుజానెక్కించుకుని వీధంతా తిరిగాడు.

బండి ఖాళీగా ఉందని పెదనాన్నకు కడుపుమంట. సున్నంనీళ్ళు తాగి పడుకునేవాడు మగవాడేనా అని వెక్కిరించి, సీసా తీసుకుపోయి పేడదిబ్బలో పారబోశాడు. మళ్ళీ బిళ్ళలు, మళ్ళీ బండి. నెల తిరక్కుండా వెంకటగిరికోట దారిలో నల్లగా నెత్తురు కక్కుకుని, తను తోలే బండిలోనే పడుకుని ఇంటికొచ్చాడు. మూడోరోజు పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళతో పెదనాన్న, ఆసుపత్రి మందే తమ్ముణ్ణి తినేసిందని చెబుతుంటే, అంతవరకూ ఆయన ఎదుట తలెత్తని మా అమ్మ లేచి నిలబడింది.

“తాగనిచ్చినావా బావా, ఆ మందు సంపేదానికి? దాన్ని పారబోసిందీ నువ్వే, బిళ్ళలు మింగించిందీ నువ్వే. ఇంగ ఈ ఇంట్లో నేనుండను.”

అన్నట్టే నన్ను తీసుకుని మదనపల్లె చేరి, అదే ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది. నా పెళ్ళికి పెదనాన్న వస్తే అమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

కాలం మారింది. నాయన ముసలివాడైతే ఎలా ఉండేవాడో నాకు తెలియదు. ఒకరి కడుపునొప్పి నిజమో దొంగదో ఇంటిపెద్ద తేల్చే రోజులవి. నా ఈడువాళ్ళు నలుగురు చేరి, ఆ పెద్దరికాలే బాగుండేవని నిట్టూరిస్తే, నేను లేచి వెళ్ళిపోతాను.