మూడో పెట్టె తుడిచే మనిషి

నేను హిందూపురం ఆఫీసులో కూర్చొని సముద్రం సంగతి చూస్తాను. తీరానికి కొంచెం దూరంలో తేలే మా సెన్సర్ పెట్టెలు నీళ్ల వేడి, ఉప్పు, ఆక్సిజన్ ఎంతుందో గంటగంటకూ నా స్క్రీన్‌కు పంపుతాయి. వాటికి పాచి పట్టకుండా తుడిచేదానికి ఒక్కో ఊళ్లో ఒక్కో జాలరిని పెట్టుకున్నాం. తుడవమని రోజూ పొద్దున్నే వాళ్ల ఫోన్లకు మెసేజ్ దానంతటదే పోతుంది.

ఈ రోజు మూడో పెట్టె పిచ్చి లెక్కలు పంపింది. పాచి పట్టిందని తెలిసి, విసుగ్గా దాన్ని తుడిచే జాలరికి ఫోన్ చేశాను. భార్య ఎత్తింది.

"ఆయన పోయి పదకొండు రోజులమ్మా. మెసేజ్ వస్తానే ఉందని మా మరిదితో పడవెక్కి నేనే తుడిచొస్తున్నాను. ఈ రోజు పెద్దకర్మ, కుదర్లేదు. రేపు పొద్దున్నే పోతాం."

ఇన్ని రోజులూ మేము పని చెప్పింది పోయిన మనిషికి! "రేపు పోవద్దులే అక్కా" అన్నాను.

ఆమె ఒక్కసారిగా భయపడింది. "అయితే ఈ పని ఇంకెవరికైనా ఇచ్చేస్తారా అమ్మా?"

కనుక్కొని చెప్తానని ఫోన్ పెట్టేశాను. పని ఆమెకే ఉంచుదామా అని మా సార్‌ని అడిగితే, "పైవాళ్లను అడగాల. నువ్వు ఆమెకు ఏం మాటియ్యద్దు" అన్నాడు.

రైలు ఇప్పుడే పెనుకొండ దాటింది. ధర్మవరంలో ఇల్లు చేరేలోపల ఆమెకు మళ్లీ ఫోన్ చేయాలనుకుంటున్నాను. ఏమని చెప్పేది? మీకేమైనా తోస్తే రాయండి.