పినియన్ వచ్చేదాకా వాన రాకూడదు

ఆ ఏడు పురట్టాసి నెలలో మా ఊరంతటికీ వాన కావాలి, నాకొక్కదానికే వద్దు. ఈ మాట ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను. ఆమె కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మాది అరవదేశంలో కోవిల్పట్టి నుంచి నాగలాపురం పోయే దారిలో ఉన్న నల్లరేగడి పల్లె. బావులు లేవు, కాలువలు లేవు. అక్టోబరు నడిమిలో మొదలయ్యే ఐప్పసి నెలలో పడే వాన ఒక్కటే మాకు దిక్కు. అందుకని ఆ వాన రాకముందే, దానికి ముందు నెల పురట్టాసిలోనే, ఎండిన దుమ్ములో విత్తేస్తాం. మొక్కజొన్న, మినుము, ఏదైనా సరే మట్టిలో పూడ్చిపెట్టి ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాం. ఒకసారి గట్టి వాన పడిందంటే రేగడి బంకలా అంటుకుంటుంది. అందులో దిగిన మనిషి కాలే ఊడిరాదు, ఇక ట్రాక్టరు సంగతి చెప్పక్కర్లేదు. ఆరేదాకా ఆగితే అదను దాటిపోతుంది.

ఇంట్లో ట్రాక్టరు నడిపేది నేనే. మా ఆయన లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. ఆయన నాకు ట్రాక్టరు నేర్పుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. మరుసటేడు వాళ్ళే నా వాకిట్లో నిలబడి "మా చేను ఎప్పుడు విత్తుతావు" అని అడిగారు. మాది పాత బండి, మా చేతికి వచ్చేసరికే రెండిళ్ళు తిరిగింది. ఆ ఏడు వారం రోజులు దానితోనే ఊరందరి చేలూ విత్తి, నా నాలుగెకరాలు ఆఖరికి పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే "ఇదిగో వస్తున్నా" అనడం వచ్చు గానీ "ముందు నాది" అనడం నాకు రాదు. దాన్ని మంచితనం అనుకునేరు. ఉత్త మొహమాటం.

నా చేనికి ముందు మిగిలింది పక్క చేను. అది ఊళ్ళో నాలాంటి కోడళ్ళందరూ అత్తా అని పిలిచే ఒక ముసలామెది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే.

"ముందు నీది విత్తుకో కోడలా, నాది ఎప్పుడైనా కానీ," అంది ఆమె గట్టు మీద నిలబడి.

"ఎంతసేపు అత్తా, మీదయ్యాక నాదే," అన్నాను.

ఆమె చేనిలో ఆఖరి సాలు తిరుగుతుంటే సీటు కింద రాళ్ళు నలిగిన చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది, వెనక చక్రాలు కదలడం లేదు. నా చేను ఇరవై అడుగుల దూరంలో ఉంది.

బండిని ఇంకో బండికి కట్టి కోవిల్పట్టిలో మెకానిక్కు షెడ్డుకు లాక్కుపోయాం. ఆయన వెనక భాగం విప్పి నూనె తట్టలో విరిగిన పళ్ళు ఏరి చూపించాడు. వెనక చక్రాలకు బలం అందించే పెద్ద పళ్ళ చక్రాన్ని క్రౌన్ అంటారట, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటారట. ఒకటి పోతే రెండూ మార్చాలి, జతగానే దొరుకుతాయి. ఎన్నో ఏళ్ళు ఆ బండి మీద కూర్చున్నాను గానీ దాని కడుపులో ఏముందో ఆ రోజే చూశాను.

స్పేర్ పార్టుల కొట్టాయన స్టూలు మీద కూర్చుని ఫోనులో ఎవరితోనో మాట్లాడి, "నాళైక్కి వందురుమ్మా" అన్నాడు అరవంలో. రేపు వచ్చేస్తుంది అని. నేను నమ్మాను. మర్నాడు మొదటి బస్సెక్కి పోయాను. అదే స్టూలు, అదే మనిషి, అదే మాట. మూడో రోజూ అంతే. ఐదో రోజుకు నన్ను చూడగానే ఆయన నోరు తెరవకముందే "నాళైక్కి" అని నేనే అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నాకు ఆ కొట్టులో ఉన్న బోల్టులన్నీ తీసి ఆయన నెత్తిన పోయాలనిపించింది.

ఇంకో ట్రాక్టరు పిలవకపోయావా అని మీరు అడుగుతారు. పిలిచాను. మా చుట్టుపక్కల ఉన్న రెండో బండి ఆయన దగ్గర అప్పటికే పెద్ద వరస ఉంది. "నువ్వే బండి పెట్టుకొని నన్ను పిలిచేదేమిటికమ్మా" అని ఎగతాళి చేసి, చివరికి నా పేరు వరసలో ఆఖరున వేసుకున్నాడు, ఆ వరస నాదాకా రానేలేదు. ఎడ్లతో విత్తిద్దామంటే మా వైపు ఎడ్లు ఉన్న ఇల్లే లేదు. ఎటు తిరిగినా ఆ పళ్ళ చక్రం దగ్గరికే వచ్చి ఆగాలి.

బస్సు కోవిల్పట్టి దగ్గరపడుతుంటే కయత్తారు వైపు గాలిమరలు కనిపిస్తాయి. వాటి తలలు గాలి ఎటు వస్తే అటు తిరుగుతాయి. పడమర గాలి ఉన్నంతకాలం పడమరకే చూస్తుంటాయి, ఐప్పసి వాన తెచ్చే గాలి మొదలైతే ఈశాన్యానికి తిరుగుతాయి. ఆ నెలంతా నేను కిటికీ పక్క సీటు వదల్లేదు. పడమరకే చూస్తున్నాయంటే నాకు ఇంకో రోజు మిగిలినట్టు. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు "ఇంకా గాలి మారలేదే" అని నిట్టూరుస్తుంటే నేను బయటికి చూస్తూ ఊపిరి పీల్చుకునేదాన్ని.

పన్నెండో రోజు విసుగెత్తి విరుదునగర్ పోయాను. అక్కడ కంపెనీ డీలరు దగ్గర అద్దాల గది, ఏసీ, కంప్యూటరు అన్నీ ఉన్నాయి. కంప్యూటరు ముందున్న ఆయన బండి మోడల్ కొట్టి చూసి, ఈ మోడల్ తయారీ ఆగిపోయింది అన్నాడు. పాత కొట్లలో ఉంటే ఉండొచ్చు, మీ కోవిల్పట్టిలో అడగండి అన్నాడు. నేను కోవిల్పట్టి నుంచే వచ్చానని చెప్పలేక మంచినీళ్ళు తాగి లేచాను. తిరుగు బస్సులో మా ఆయన ఫోను చేశాడు. ఏ ఊళ్ళోనో లారీ దించుతున్నాడు. "దొరికిందా?" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. పాపం ఆయన తప్పేముంది? కానీ ఆ క్షణం ఎవరో ఒకరి మీద కోపం చూపకపోతే బస్సులోనే గట్టిగా అరిచేసేదాన్ని.

పదిహేనో రోజు పార్సిల్ వచ్చింది. మెకానిక్కు దాన్ని విప్పి, పినియన్ మీద ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత నా చేతికిచ్చి నన్ను లెక్కపెట్టమన్నాడు. ఒక పన్ను తక్కువ. వేరే మోడల్‌ది పంపారు. దాన్ని పట్టుకుని కొట్టుకు పోతే కొట్టాయన మర్యాదగా వెనక్కి తీసుకుని మళ్ళీ ఫోను ఎత్తాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. అదే అన్నాడు.

ఈలోపు ఊళ్ళో వేరే దిగులు మొదలైంది. విత్తి మూడు వారాలవుతోంది, చుక్క లేదు. చీమలు గింజలు మోసుకుపోతున్నాయి. మరికొన్ని దుమ్ములోనే పుచ్చిపోతున్నాయి. అత్త ఇల్లిల్లూ తిరిగి వానగంజి ఎత్తుదామని చెప్పింది. వాన రాకపోతే మా ఊరి ఆడవాళ్ళు చేసే పని అది. కుండ పట్టుకుని ప్రతి ఇంటి ముందూ నిలబడి ఉప్పులేని గంజి అడుక్కుంటారు. ఊరి పొలిమేరలో కూర్చుని, ఇంట్లో ఎవరో పోయినట్టు ఆకాశాన్ని చూసి పాడుతూ ఏడుస్తారు. తర్వాత ఆ గంజి అందరూ కలిసి తాగుతారు. ఏ ఇల్లూ గంజి లేదనకూడదు, ఏ ఆడదీ రాననకూడదు.

తప్పించుకుందామంటే నాకు ఆ రోజు జ్వరమైనా రాలేదు. మా ఇంటి గంజి నేనే కుండలో పోశాను. పోస్తున్నప్పుడు అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. "నా చేనిలో గదా నీ బండి పోయింది, నా కడుపు తరుక్కుపోతా ఉండాది కోడలా," అంది. ఆమె దిగులు నా బండి గురించి. నేనేమో ఆమె గింజలు దుమ్ములో ఉన్నాయని తెలిసీ వాన వద్దనుకుంటున్నాను. ఆమె చెయ్యి భుజం మీదనుంచి ఎప్పుడు తీస్తుందా అని చూశాను.

పొలిమేరలో తుమ్మకంప పక్కన అందరం గుండ్రంగా కూర్చున్నాం. మానం అంటే మాకు ఆకాశం. మానమా, బిడ్డల్ని మరిచితివా, విత్తును మరిచితివా అని అత్త ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. నేను నోరు మెదిపాను. లోపల మాత్రం వేరే పాట నడుస్తోంది. ఇంకో నాలుగు రోజులు ఆగు, ఇంకో నాలుగు రోజులే, ఆ చక్రం రానీ, నాది విత్తనీ. షెడ్డులో చక్రాలూడి రాళ్ళ మీద నిలబడిన బండి కళ్ళముందుకు వచ్చింది. తప్పు పినియన్, అద్దాల గది, స్టూలు మీద మనిషి, అందరూ వరసగా వచ్చారు. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. గుండెలు బాదుకుని, ముక్కు కారేట్టు, సిగ్గు లేకుండా ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళ పాట ఆగిపోయింది. "చూడండి, ఇట్ల ఏడవాల," అంది ఒకామె. ఆ మాట విన్నాక ఇంకా ఏడుపొచ్చింది.

గంజి ఎత్తిన రెండో రోజు చినుకు పడింది. నేను కొట్టు అరుగు మీద ఉన్నాను. రోడ్డు మీద జనం గొడుగు కూడా తెరవకుండా నవ్వుతూ నిలబడ్డారు. కొట్టాయన కూడా బయటికి వచ్చి చెయ్యి చాచి తడి చూసుకున్నాడు. నేను గోడకు ఆనుకుని పళ్ళు బిగించుకున్నాను. కానీ అది అరగంట జల్లు, దుమ్ము అణిగేంత మాత్రమే. జల్లు పడిన మూడో రోజుకు నేల ఆరిపోయింది. ఆ సాయంత్రమే సరైన పినియన్ వచ్చింది. ఈసారి పళ్ళు నేనే లెక్కపెట్టాను, మెకానిక్కు కంటే ముందు. బండి బిగించుకొచ్చి రెండో రోజుకు నా చేను విత్తేశాను. ఆఖరి సాలు ముగించి బండి దిగి గట్టు మీద కూర్చున్నాను.

ఆ జల్లుకు ఊరందరి చేలూ మొలకెత్తాయి. ఆ తర్వాత పది రోజులు మండే ఎండ. వేలెడు మొలకలు పసుపుబారి, తర్వాత గడ్డిపోచల్లా ఎండిపోయాయి. మొలిచి ఎండిపోకుండా మిగిలింది నా చేను ఒక్కటే, ఎందుకంటే నా గింజలు ఇంకా మట్టి కిందనే ఉన్నాయి.

అందరికంటే ముందు అత్త వచ్చింది, మళ్ళీ విత్తాలని. ఎక్కడో దాచుకున్న విత్తనం మూటకట్టుకుని వచ్చింది. ఈసారి ఆమె "ముందు నీది" అనలేదు, నాదెప్పుడో అయిపోయింది. ఆమె చేనిలో బండి దింపి చచ్చిన మొలకల మీదుగా ఒక సాలు పోయాను. ఇంజను ఆపేసి కిందికి దిగాను.

"అత్తా, ఆనాడు నేను ఏడ్చింది వాన రావాలని కాదు. నాది విత్తేదాకా రావద్దని ఏడిస్తిని."

ఆమె మూట విప్పడం ఆపి నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీ మాట విని మానం నిలిచె అనుకొంటివా?" అంది. "డెబ్బై ఏండ్లుగా నేను పిలస్తా ఉండాను, ఒకనాడైనా వినిందా? పో, పోయి బండి ఎక్కు. పొద్దు ఎక్కతాది."

ఐప్పసిలో వాన దంచి కొట్టింది. అందరివీ మొలిచాయి, నావి అందరికంటే ముందు మొలిచాయి. నేను పొలిమేరలో అట్లా ఏడవబట్టే వాన వచ్చిందని ఊళ్ళో ఆడవాళ్ళు తీర్మానించేశారు. నిజం తెలిసిన అత్త వాళ్ళ మధ్యనే కూర్చుని ఆకూవక్కా నమిలింది.

ఆ తర్వాత నేను మొదట చేసిన పని ఇంకో జత క్రౌన్ పినియన్ తెప్పించడం. దానికీ రెండు నెలలు పట్టింది. గ్రీజు రాసి, గోనెసంచిలో చుట్టి, మంచం కింద పెట్టాను. ఈ పురట్టాసిలో ముందు నా చేనే విత్తాను, ఎవరేమనుకున్నా సరే అని. బండికి ఏమీ కాలేదు. విత్తి నెల కావస్తోంది, చుక్క లేదు. గాలిమరలు పడమరకే చూస్తున్నాయి. ఈసారి నాకూ వాన కావాలి, ఊళ్ళో అందరికంటే ఎక్కువే కావాలి.

పోయిన వారం వానగంజి ఎత్తారు. కుండ నా చేతికే ఇచ్చారు. పొలిమేరలో నన్ను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ చేరి, పాట మొదలుపెట్టి, నా వంక చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. నా గింజల్ని తలచుకున్నాను, ఎండిన మొలకల్ని తలచుకున్నాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి. పాట రెండోసారి తిరిగింది, మూడోసారి తిరిగింది. అందరూ ఎదురుచూస్తున్నారు. పక్కనే కూర్చున్న అత్త నా మోచేతిని గిల్లి, ఎవరికీ వినపడకుండా అంది:

"ఏడువు కోడలా. వాన వద్దని ఏడ్చినట్టే ఏడువు."

నాకు ఏడుపు రాలేదు. కుండ ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను.