భీమన్న ఏరిన పరిగె

భీమన్నకు పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లున్నారు. అయినా ఖురం పేటలోని ఆటల హాలు తలుపు దగ్గర అతను ‘బ్యాచిలర్’. భార్యాపిల్లల్ని తెచ్చుకునేంత జీతం లేని ప్రతి మగవాడూ గల్ఫ్‌లో బ్యాచిలరే. ‘శుక్రవారం కుటుంబాలకు మాత్రమే’ అని బోర్డు. కూలీకి సెలవు దొరికేదీ ఆ ఒక్క రోజే. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఈ సెంట్రింగ్ మేస్త్రి ఏళ్ల తరబడి ఆ తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

మిగతా రోజుల్లో డ్యూటీ దిగి వెళ్లేవాడు. లోపల ఓ మూల పాత మిషిన్లుండేవి. బిళ్ల వేసి పిడి లాగితే చక్రాలు తిరుగుతాయి, బొమ్మలు కలిస్తే పైన ఒక దీపం వెలుగుతుంది. వరుసంతా వెలిగితే బహుమతి టికెట్లు కుప్పగా రాలతాయి. ఆడేవాళ్లు విసిగి లేచిపోయినా వెలిగిన దీపాలు ఆరవు. కరెంటు తీసి మళ్లీ వేసినా అంతే. పిల్లలు నాలుగు దీపాలు వెలిగించి కొత్త స్క్రీన్ల వైపు పరిగెత్తేవారు. భీమన్న చేతులు వెనక్కి కట్టుకుని ఆ మిషిన్ల వరుసంతా చూసుకుంటూ నడిచేవాడు.

“ఆడనొచ్చినవా, గస్తీ తిరగనొచ్చినవానే?” అని రూమ్‌మేట్ గంగాప్రసాద్ ఎగతాళి.

“ఖాళీ మిషిన్ల బిళ్ల ఎయ్యొద్దు తమ్మీ. మంది సగం ఎలిగించిపోయిన కాడ కూసోవాలె.”

అతని కన్ను టికెట్లకు బదులిచ్చే బహుమతుల్లో, గోడకు వేలాడే పెద్ద క్యారమ్ బోర్డు మీద. రూములో ఉన్నది విరిగిపోయింది. ఎక్కడా రానివ్వని శుక్రవారం నాడు రూమంతటికీ అదొక్కటే కాలక్షేపం.

2015లో ఒక గురువారం. ఒక్క దీపం తక్కువగా ఉన్న మిషిన్ దొరికింది. అంతలో బయట కంపెనీ బస్సు హారన్. లేవక తప్పలేదు. ఆ మిషిన్లను శనివారం తుక్కుకు తీసుకెళ్తారట. ఇక మిగిలింది శుక్రవారమే.

శుక్రవారం తలుపు దగ్గర నిజామాబాద్ ముర్తుజా కాపలా. “అన్నా, నేను గూడ బ్యాచిలర్నే. యూనిఫాం ఉందని లోపటున్న. ఏం జేయమంటవ్?”

వెనకే నర్సు ఫేబా కూతురితో వచ్చి ఆ మాట వింది. సైట్‌లో వేలు తెగినప్పుడు భీమన్నకు కట్టుకట్టిన నరసాపురం అమ్మాయి.

“పోనీ అక్కా, అలవాటైంది,” అన్నాడు భీమన్న.

“అలవాటేంటండీ, చోద్యం కాకపోతే!” అని ఫేబా ముర్తుజా వైపు తిరిగింది. “ఈయన మా అన్నయ్య. ఇప్పుడు కుటుంబమే కదా?”

ముర్తుజా నవ్వుతూ తలుపు తీశాడు.

కాసేపటికే చివరి దీపం వెలిగింది. టికెట్లు పాదాల మీద పడుతూనే ఉన్నాయి. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. మిషిన్ని ఏదో చేశావు, దొంగవి, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. దొంగ అన్న మాట కంపెనీ చెవిన పడితే చాలు, కూలీ వీసా పోతుంది. భీమన్న ఫేబా వైపు తిరిగాడు.

“అక్కా, హిందీల నువ్వు జెప్పు. పంట ఆయిన కోసుకున్నడు, బిళ్లలు ఆయిన డబ్బాలనే ఉన్నయి. చేన్ల రాలిన కంకులు నేనేరిన. మా ఊర్ల పరిగె ఏరెటోన్ని దొంగ అనరు. పక్క మిషిన్ల మూడు దీపాలు ఎలిగున్నయి, ఎవడో ఇడిసిపోయిండు. సార్‌నే కూసోమను. నాలుగోది ఎలగంగనే లేవమను. ఆరుతే పోలీసుల్ని పిలువుమను.”

సూపర్‌వైజర్ కూర్చున్నాడు. నాలుగోది వెలిగింది, లేచాడు. దీపాలు ఆరలేదు. ఫేబా కూతురు చప్పట్లు కొట్టింది.

క్యారమ్ బోర్డు దించి ఇచ్చారు. ఇస్తూ సూపర్‌వైజర్ అన్నాడు: “ఇంకో శుక్రవారం ఫ్యామిలీ లేకుండా రావద్దు.”

మిషిన్లు తుక్కులోకి పోయాయి, ‘కుటుంబాలకు మాత్రమే’ బోర్డు మాత్రం తలుపు మీదే ఉంది. ఘుబ్రా, ఖురం పేటల్లో కుటుంబాలతో ఉంటున్న మీకు ఆ తలుపు అడగకుండానే తెరుచుకుంటుంది. వచ్చే శుక్రవారం లోపలికి అడుగు పెట్టేముందు ఆగండి. బయట నిలబడ్డవాణ్ని మీ వెంట తీసుకెళ్లండి. వెళ్లి మేనేజర్‌ని అడగండి, ఆ బోర్డు ఎప్పుడు తీస్తారని.