ఎగరేయనన్న పైలట్

ఫొటో స్టూడియోలో ఆమెను అందరూ లైటమ్మ అనేవారు. తమ్ముడు కెమెరా పట్టుకుంటే ఆమె లైటు పట్టుకునేది. పెళ్ళి ఆల్బమ్‌లన్నిటా ఆమె పట్టిన వెలుగు ఉంది, ఆమె మాత్రం ఎక్కడా లేదు.

తమ్ముడు డ్రోన్ కొని, కొన్నాళ్ళు లైసెన్సు లేకుండానే ఎగరేశాడు. తనిఖీలు మొదలయ్యాక అలాంటివాళ్ళను ఎవరూ పిలవలేదు. డ్రోన్ బీరువా ఎక్కింది. లైసెన్సు కోసం శిక్షణలో కూర్చునే ఓపిక తనకు లేదన్నాడు. తను వెళ్తానంది లైటమ్మ.

"అక్కా, నీకు ఫోనులో ఫొటో పంపడమే రాదు" అని తమ్ముడు పడీపడీ నవ్వాడు. మరదలు వంటింట్లోంచి వచ్చి మరీ నవ్వింది.

నవ్వినంతసేపూ నవ్వనిచ్చి, మర్నాడే వెళ్ళి చేరింది. క్లాసులో పాఠం చెప్పేవాడికన్నా ఆమే పెద్ద. ఎత్తు పరిమితులూ, ఎగరేయకూడని చోట్లూ గిన్నెలు తోముతూ వల్లెవేసింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఎగరేసే పరీక్షలో మాత్రం, డ్రోన్‌ను దానంతటదే ఒకేచోట నిలిపే జీపీఎస్ సాయం ఆపేయగానే గాలి దాన్ని ఎత్తుకుపోయి కంచెకు కొట్టింది.

"ఈ వయసులో ఎందుకమ్మా మీకీ తిప్పలు? ఇంట్లో ఎవరైనా కుర్రాళ్ళుంటే పంపండి" అన్నాడు పరీక్ష పెట్టినాయన, మర్యాదగానే.

"మళ్ళీ పరీక్ష ఎప్పుడో చెప్పండి, చాలు."

అప్పట్నుంచి ఆమె గాలి ఉన్న రోజు చూసుకుని మరీ మైదానానికి వెళ్ళేది. రెండోసారి డ్రోన్‌ను గాలికి ఎదురుగా నిలబెట్టి, గీసిన గడిలోనే దించింది.

మొదటి పెద్ద పని ఒక బిల్డరుది. కొత్త అపార్ట్‌మెంట్ ప్రారంభోత్సవం. కుర్చీల నిండా జనం. డ్రోన్‌ను వాళ్ళ తలల మీదుగా, తగులుతుందేమో అన్నంత కిందుగా తిప్పమన్నాడు. గాలి జోరుగా ఉంది. కుదరదు, పక్కనుంచే తీస్తానంది. బిల్డరు మొహం మాడ్చుకున్నాడు. ఎవరు చూడొచ్చారని తమ్ముడు బతిమాలాడు. చివరికి రిమోట్ ఇటిమ్మని చెయ్యి చాచాడు.

లైటమ్మ డ్రోన్ బ్యాటరీ ఊడదీసి చేతిసంచిలో వేసుకుంది.

"ఎగరేయనని చెప్పడానికి కూడా ఇచ్చార్రా నాకు లైసెన్సు. ఆ ముందు వరసలో చంటిదాన్ని ఎత్తుకున్నావిడ ఉంది, చూడు. పడితే ఎవరి నెత్తిన పడుతుంది?"

ఆ పని పోయింది. దారి పొడుగునా తమ్ముడు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మరదలు ఇద్దరి వంతూ మాట్లాడింది. లైటమ్మ అన్నం తిని హాయిగా నిద్రపోయింది.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీవాళ్ళెవరో పైకప్పు రేకులు ఎక్కడెక్కడ దెబ్బతిన్నాయో పైనుంచి తీసిపెట్టమని ఫోన్ చేశారు. సరేననబోయి తమ్ముడు ఆగాడు.

"ఉండండి, పైలట్‌ని అడిగి చెబుతా."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఆ చుట్టుపక్కల కరెంటు తీగలేమైనా ఉన్నాయేమో ముందు కనుక్కోమంది.