పండుకున్నదానికి గుర్తుంది

మైదుకూరు చర్చి వీధిలో ఒక మాట పుట్టింది. కృపమణి ఇంట్లో చచ్చిపోయిన మొగుడు తిరుగుతున్నాడట. అది శుద్ధ అబద్ధం. కాకపోతే అలా అన్నవాళ్లు విన్నది మాత్రం అబద్ధం కాదు. దీపాలు పెట్టేవేళ తలుపు మూసుకుని ఆమె ఎవరినో "పండుకో, లేయొద్దు" అని బుజ్జగిస్తుంది. వీధిలో తనకు తెలియని సంగతి ఉంటే పక్కింటి మున్నీ బీకి అన్నం సహించదు. గోడకు చెవి ఆనించింది. ఆ మాట, తర్వాత నీళ్లు గుటకేసిన చప్పుడు, ఆపైన ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం.

పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయి బతికే కృపమణికి ఆ నెల కాళ్లు వాచాయి. కర్నూలు ఆస్పత్రికి మున్నీ బీ తోడెళ్లింది. బస్సులో కృపమణే చెప్పింది, మొగుడు నెహెమ్యా పోయినప్పటి నుంచీ తనకు హెచ్ఐవీ మాత్రలు తప్పవని, మొదట్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా మింగేదని, ఇప్పుడు సాయంత్రం ఒకటేనని. దీపాలవేళ ఆ మాత్ర మింగుతూ, రక్తంలో ఉన్న క్రిమినే ఆమె జోకొడుతోంది. జన్మలో మొదటిసారి మున్నీ బీ మరో ప్రశ్న వేయలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చుంది.

డాక్టరు స్వర్ణలత పరీక్షలు చూసింది. మాత్రలోని మూడు మందుల్లో ఒకటి మూత్రపిండాలను నలుపుతోందని, రెండు మందుల మాత్రకు మారవచ్చని చెప్పింది. రక్తంలో క్రిమి కనిపించడం లేదు కానీ చావలేదట, దాక్కుని నిద్రపోతోందట. మునుపెప్పుడైనా మాత్రలు మానితే, మిగిలే రెండింటిలో ఒక మందును తట్టుకోవడం అది అప్పుడే నేర్చుకుని ఉంటుందట. అలాంటివాళ్లకు రెండు మందులు ఏళ్ల తరబడి కాపు కాయలేకపోవచ్చని, ముందే తెలిస్తే వేరే దారి చూస్తానని అంది. ఎప్పుడైనా ఆపావా అని అడిగితే, లేదని కృపమణి తల ఊపింది.

బయట బెంచీ మీద మున్నీ బీకి తన రంజాన్ రోజాలు, ఆ ఉపవాసాలు గుర్తొచ్చాయి. షుగరు మాత్రను తానైతే సహరీలో, తెల్లవారకముందే మింగుతుంది. కృపమణి ఏటా ఈస్టరుకు ముందు శ్రమకాలంలో నలభై దినాలు సాయంత్రం దాకా పచ్చి గంగ ముట్టదు.

"ఏమ్మే కృపా, రెండు పూటలా మాత్రలున్నప్పుడు, ఉపవాసాల్లో పొద్దుటిది మింగినావా?"

కృపమణి మోచేతి మడతలో నీలిరంగు నరాన్ని చూస్తూ, లోపలున్నది వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించింది.

"మింగలేదక్కా. మింగితే దేవుని మీద నమ్మకం లేనట్టనుకుంటి. ఇప్పుడు నేను లేదన్నా, లోపల పండుకున్నదానికి అంతా గుర్తుండాది. పా, డాక్టరమ్మకు చెప్దాం."