గీత పెట్టిన చోటు తప్పించి

మా మావయ్య గుడ్డల మిల్లులో తనిఖీ మేస్త్రీ. దీపాల బల్ల మీదుగా గుడ్డ జారిపోతుంటే, తెగిన పోగో పడిన ముడో కనిపెట్టి పక్కన సుద్దగీత పెట్టడం ఆయన పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకి జీతం తెచ్చుకున్న మనిషి మా వంశంలో ఆయనొక్కడే. పిల్లలం చాటుగా "రిజెక్టు మావయ్య" అనుకునేవాళ్ళం.

అలాంటి మనిషికి రిటైరయ్యే ముందు ఆరోగ్య బీమా ఎంచుకునే పని పడింది. సర్కారు బీమా ఆసుపత్రి ఖర్చులో కొంతే ఇస్తుంది, మిగతాదానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఉద్యోగంలో ఉండగా అయితే పాత జబ్బులు అడక్కుండా దంపతులిద్దరికీ ఇస్తారు. దిగిపోయాక వెళితే అత్తయ్య ఆయాసం చూసి కుదరదంటారు. అది తలుచుకుంటేనే ఆయన గుండెల్లో రాయి పడేది.

భోజనాల బల్ల మీద మూడు కంపెనీల కాగితాలు పరిచి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు. ఒకటి గది అద్దె ఇస్తుంది, ఆయాసం మందులివ్వదు. ఇంకొకటి మందులిస్తుంది, కానీ వాళ్ళు చెప్పిన ఆసుపత్రికే పోవాలి, అదేమో ఊరికి ఆ చివర. మూడోదానిలో అన్నీ ఉన్నాయనుకునేలోపు "కింది చికిత్సలు మినహా" అన్న మాట తగిలింది. కళ్ళు నులుముకున్నాడు. ఏడాదిగా శుక్లాలు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఒకటి పక్కన పెడితే అదే నయమనిపించేది, చేతిలోకి తీసుకుంటే రెండోది మేలనిపించేది. తల ప్రాణం తోకకొచ్చాక మూడింటినీ రిజెక్టు చేశాడు. పాలసీ తీసుకోవడానికి మర్నాడే ఆఖరి రోజు. పక్కనే కూర్చున్న నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది.

అత్తయ్య ఎగశ్వాస ఆపుకుంటూ అడిగింది. "ఏమండీ, తప్పున్న గుడ్డంతా చెత్తలో పారేసేవారా?"

"పారేస్తే మిల్లు మూతపడదూ? గీత పెట్టిన చోటు తప్పించి కత్తిరించుకోమని పంపేవాణ్ణి."

"మరి వీటిల్లో గీత ఎక్కడ పడిందో చూడండి. నా ఊపిరి మీద పడకపోతే చాలు."

ఆయన మూడోదాని కింది భాగం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు మిల్లు ఆఫీసుకు నేనే తోడు వెళ్ళాను. గుమాస్తా ఆ మూడో కంపెనీ కాగితం చూసి, "ఇందులో ఆయాసానికి అన్నీ వస్తాయండీ, కంటి ఆపరేషనే రాదు. గది అద్దె ఇచ్చే కంపెనీదైతే అదీ ఇస్తుంది. మీకు శుక్లాలున్నాయిగా, ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాడు.

"ఆలోచించే తెచ్చాను బాబూ. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు, సరిగా కనబడటం లేదు" అన్నాడు మావయ్య.